ఫైల్‌జిల్లా సైట్ మేనేజర్: ఏ సర్వర్‌కి ఆ సెట్టింగ్, మొదటి నుంచి పూర్తిగా

ఫైల్‌జిల్లా అంటే మన కంప్యూటర్ నుంచి వెబ్‌సైట్ సర్వర్‌కి ఫైల్స్ ఎక్కించే సాఫ్ట్‌వేర్. అది వాడే చాలామంది పైన ఉండే క్విక్‌కనెక్ట్ బార్‌లో హోస్టు, యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ కొట్టేసి ఎంటర్ నొక్కేస్తారు. ఒక్క వెబ్‌సైట్ చూసుకునేవాళ్లకి అది సరిపోద్ది గానీ మా వైపు పని అలా ఉండదు. ఒడిశా బోర్డర్‌లో మా పర్లాకిమిడిలో కూర్చుని సైట్లు చూసేవాళ్లకి ఒక కస్టమరు ఊళ్లోనే కొమ్ము బొమ్మల షాపు, ఇంకొకరు బరంపురం పట్టుచీరల కొట్టు, ఊరు దాటితే పాతపట్నం, అంటే ఆంధ్రా, అక్కడ ఒక కోచింగ్ సెంటరు, ఇటు గుణుపురంలో ఒక ఫోటో స్టూడియో. అందరి హోస్టింగూ ఒక చోట ఉండదు, ఒకరిది ఎప్పుడో తీసుకున్న చవక షేర్డ్ హోస్టింగు (ఒకే సర్వర్‌ని చాలామందికి పంచేది), ఇంకొకరిది క్లౌడ్‌లో సొంత సర్వరు, మరొకరికి ఎవరో చుట్టాలబ్బాయి పెట్టిచ్చి వెళ్లిపోయిన పాత సర్వరు, దాని గురించి ఎవరికీ ఏమీ తెలీదు.

ఇలాంటప్పుడు ఒక సర్వర్ మొరాయించిందని ఎడిట్ మెనూలో సెట్టింగ్స్‌కి పోయి ఏదో ఒకటి మార్చేస్తారు, ఆ సర్వర్ దారికొస్తుంది, రెండ్రోజుల తరవాత ఇంకో సైట్ తెరుచుకోదు, ఎందుకో అర్థం కాదు. ఎందుకంటే అక్కడ మార్చింది అన్ని సైట్లకీ పడుతుంది. నేను చెప్పేదల్లా ఒక్కటే, ఒక సర్వర్ జబ్బుకి మందు ఆ సర్వర్‌కే వేయాలి, అందుకోసమే ఒక్కో సర్వర్ సెట్టింగులు విడివిడిగా దాచుకునే సైట్ మేనేజర్ ఉంది. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు కాబట్టి వాడుక మాటల్లోనే రాస్తున్నా, మెనూ పేర్లు మాత్రం స్క్రీన్ మీద ఎలా కనబడతాయో అలాగే తెలుగు అక్షరాల్లో రాస్తా.

కనెక్ట్ అవ్వకముందు అడిగి తీసుకోవాల్సినవి

కస్టమర్ని "పాస్‌వర్డ్ పంపండి" అని అడిగితే చాలామంది హోస్టింగ్ కంపెనీ వెబ్‌సైట్‌లో లాగిన్ అయ్యే పాస్‌వర్డ్ పంపుతారు, అది వేరు, ఎఫ్‌టీపీ పాస్‌వర్డ్ వేరు. మీకు కావాల్సినవి: సర్వర్ హోస్ట్‌నేమ్, ప్రోటోకాల్, అంటే ఫైల్స్ పంపే పద్ధతి, ఏది (ఎఫ్‌టీపీయా, ఎస్‌ఎఫ్‌టీపీయా), పోర్ట్ నంబరు (సర్వర్‌లోకి వెళ్లే గుమ్మం నంబరు లాంటిది), ఎఫ్‌టీపీ యూజర్‌నేమ్, దాని పాస్‌వర్డ్ లేదా కీ ఫైల్ (పాస్‌వర్డ్ బదులు తాళంచెవిలా వాడే ఫైల్), ఆ సైట్ ఫైల్స్ ఏ ఫోల్డర్‌లో ఉన్నాయి. షేర్డ్ హోస్టింగ్ అయితే యూజర్‌నేమ్ చాలాసార్లు ఈమెయిల్ లాగ, మధ్యలో అట్ గుర్తుతో ఉంటుంది, అది మొత్తం కొట్టాలి, సగం కొడితే 530 ఎర్రర్ వస్తుంది, అంటే లాగిన్ తప్పు అని.

ఎఫ్‌టీపీకి ఎస్‌ఎఫ్‌టీపీకి తేడా ఒకసారి క్లియర్‌గా చెప్పేస్తా, చాలామంది ఇక్కడే తికమక పడతారు. ఎఫ్‌టీపీ పాత పద్ధతి, మామూలుగా పోర్ట్ 21. దాని మొదటి రూపం రాసినాయన మనాయనే, అభయ్ భూషణ్, ఐఐటీ కాన్పూర్ మొదటి బ్యాచ్ వాడు, 1971లో ఎంఐటీలో ఉండగా రాశాడు. దానికి ఎన్‌క్రిప్షన్, అంటే మధ్యలో ఎవరూ చదవకుండా దాచే ఏర్పాటు, తగిలిస్తే ఎఫ్‌టీపీ ఓవర్ టీఎల్‌ఎస్, దాన్నే ఎఫ్‌టీపీఎస్ అంటారు. ఎస్‌ఎఫ్‌టీపీ మాత్రం పేరు దగ్గరగా ఉన్నా అసలు సంబంధం లేదు, అది ఎస్‌ఎస్‌హెచ్ (దూరంగా ఉన్న సర్వర్‌లోకి భద్రంగా లాగిన్ అయ్యే పద్ధతి) మీద నడుస్తుంది, పోర్ట్ 22. ఎఫ్‌టీపీఎస్ సర్వర్‌కి ఎస్‌ఎఫ్‌టీపీ పెట్టి కనెక్ట్ అవ్వట్లేదని జుట్టు పీక్కోకండి. ఇంకోటి, వెనకటిలా బ్రౌజర్‌లో ఎఫ్‌టీపీ అడ్రస్ కొట్టి చూద్దామంటే కుదరదు, క్రోమ్, ఫైర్‌ఫాక్స్ రెండూ 2021లోనే ఆ సపోర్ట్ తీసేశాయి.

సైట్ మేనేజర్ తెరిచి కొత్త సైట్ పెట్టడం

ఫైల్ మెనూలో సైట్ మేనేజర్, లేదా కీబోర్డ్‌లో కంట్రోల్, ఎస్ కలిపి నొక్కండి. ఎడమ పక్క చెట్టులా లిస్ట్ ఉంటుంది, కింద న్యూ సైట్, న్యూ ఫోల్డర్, రీనేమ్, డిలీట్, డూప్లికేట్ బటన్లు. ముందు ఫోల్డర్లు పెట్టుకోండి, ఊరి పేరుతో పెట్టుకుంటే వెతకడం తేలిక, పర్లాకిమిడి, బరంపురం, పాతపట్నం అలాగ. సైట్ పేరు మాత్రం "న్యూ సైట్" అని వదిలేయొద్దు, "చీరల కొట్టు, లైవ్" "చీరల కొట్టు, టెస్ట్" అని తేడా కనిపించేలా పెట్టండి.

ఇప్పటికే క్విక్‌కనెక్ట్‌తో లోపలికి వెళ్లిపోయి పని చేస్తుంటే మళ్లీ మొదటి నుంచి టైప్ చేయక్కర్లేదు, ఫైల్ మెనూలోనే కాపీ కరెంట్ కనెక్షన్ టు సైట్ మేనేజర్ అని ఉంటుంది, అది నొక్కితే వివరాలన్నీ కొత్త సైట్‌గా పడిపోతాయి.

జనరల్ ట్యాబ్

ప్రోటోకాల్ ముందు ఎంచుకోండి. హోస్ట్ దగ్గర ముందు ఎఫ్‌టీపీ కోలన్ స్లాష్ స్లాష్ లాంటివి పెట్టొద్దు, ఉత్త పేరు చాలు. పోర్ట్ గడి ఖాళీగా వదిలేస్తే ప్రోటోకాల్‌ని బట్టి అదే తీసుకుంటుంది, సర్వర్ వాళ్లు వేరే నంబర్ ఇస్తేనే రాయండి.

ఎఫ్‌టీపీ పెడితే కింద ఎన్‌క్రిప్షన్ అని ఇంకో లిస్ట్ వస్తుంది, ఇది చూడకుండా పోయేవాళ్లే ఎక్కువ. అందులో నాలుగు రకాలు. మొదటిది, టీఎల్‌ఎస్ ఉంటే వాడు లేకపోతే మామూలుగా వెళ్లిపో అని. రెండోది, రిక్వైర్ ఎక్స్‌ప్లిసిట్, అంటే టీఎల్‌ఎస్ లేకపోతే కనెక్టే అవ్వొద్దు అని. మూడోది ఇంప్లిసిట్, ఇది పోర్ట్ 990 మీద నడిచే పాత పద్ధతి. నాలుగోది ఓన్లీ యూజ్ ప్లెయిన్ ఎఫ్‌టీపీ, పక్కనే ఇన్‌సెక్యూర్ అని వాళ్లే రాసి పెట్టారు.

నా మాట వింటే సర్వర్‌లో టీఎల్‌ఎస్ ఉందని తెలిశాక రెండోది పెట్టేయండి. మొదటిది మెత్తగా ఉంటుంది, మధ్యలో ఎవరైనా టీఎల్‌ఎస్ లేనట్టు చూపిస్తే పాస్‌వర్డ్ ఉత్త అక్షరాల్లో వెళ్లిపోతుంది, లాడ్జి వైఫైలోనో స్టేషన్ వైఫైలోనో కూర్చుని పని చేసేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. ప్లెయిన్ ఎఫ్‌టీపీ ఎప్పుడు తప్పదంటే, సర్వర్ అంత పాతదైతే (అప్పుడు కస్టమర్‌కి గట్టిగా చెప్పి మార్పించండి), లేదా మన ఫోన్‌లోని ఎఫ్‌టీపీ యాప్‌తో మన ఇంటి వైఫైలోనే ఫోటోలు లాగేటప్పుడు. స్టూడియో వాళ్లకి ఈ ఫోన్ పద్ధతి భలే పనికొస్తుంది. ఫోన్‌లో యాప్ ఆన్ చేస్తే ఒక అడ్రస్, ఒక పోర్ట్ చూపిస్తుంది, ఆండ్రాయిడ్‌లో రూట్ (ఫోన్ మీద పూర్తి అధికారం) లేకుండా 1024 కన్నా తక్కువ పోర్ట్ వాడనివ్వదు కాబట్టి 21 ఉండదు, 2121 లాంటి పెద్ద నంబర్ ఉంటుంది. అది పోర్ట్ గడిలో రాసి, ప్లెయిన్ పెట్టి, "ఫోన్" అనే సైట్‌గా సేవ్ చేసుకుంటే ప్రతిసారీ డేటా కేబుల్ వెతుక్కునే పని ఉండదు. వైఫై మారితే హోస్ట్ అడ్రస్ మారుతుంది, అది ఒక్కటి సరిచూసుకోండి.

తరవాత లాగాన్ టైప్. నార్మల్ అంటే పాస్‌వర్డ్ సేవ్ అవుతుంది. ఆస్క్ ఫర్ పాస్‌వర్డ్ అంటే యూజర్‌నేమ్ గుర్తుంచుకుని పాస్‌వర్డ్ మాత్రం అడుగుతుంది, షాపులో నలుగురూ వాడే కంప్యూటర్ అయితే ఇదే పెట్టండి, ఇంకో ఆలోచన వద్దు. ఇంటరాక్టివ్ అనేది ఓటీపీ అడిగే సర్వర్లకి, అది పెడితే మాత్రం కనెక్షన్ల సంఖ్య ఒకటికి తగ్గించుకోవాలి (ఎక్కడో కింద చెప్తా), లేకపోతే ప్రతి కొత్త కనెక్షన్‌కీ ఓటీపీ అడుగుతూ కూర్చుంటుంది. కీ ఫైల్ అనేది ఎస్‌ఎఫ్‌టీపీకి మాత్రమే, క్లౌడ్ సర్వర్ తీసుకున్నప్పుడు ఇచ్చే పీఈఎం ఫైలో, పుట్టీ అనే సాఫ్ట్‌వేర్ వాళ్ల పీపీకే ఫైలో అక్కడ చూపించాలి. అమెజాన్ క్లౌడ్‌లో ఉబుంటు సర్వర్ అయితే యూజర్‌నేమ్ ఉబుంటు, అమెజాన్ లినక్స్ అయితే ఈసీ2 హైఫన్ యూజర్. రూట్ అని కొట్టి రావట్లేదని ఫోన్ చేసేవాళ్లు బోలెడుమంది. ఆ కీ ఫైల్‌ని డెస్క్‌టాప్ మీద పడేయకండి, వాట్సాప్‌లో అసలే పంపకండి.

ఇంక అదే ట్యాబ్‌లో కింద బ్యాక్‌గ్రౌండ్ కలర్ అని ఉంటుంది, చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ నాకు ఈ ట్యాబ్ మొత్తంలో ఎక్కువ నచ్చేది అదే. లైవ్ సైట్లన్నిటికీ ఎరుపు, టెస్ట్ సైట్లకి ఆకుపచ్చ పెట్టండి. కనెక్ట్ అవ్వగానే ఫైల్ లిస్ట్ వెనక ఆ రంగు వస్తుంది, రెండు ట్యాబులు తెరిచి ఉన్నప్పుడు డిలీట్ కొట్టేముందు కంటికి తగులుతుంది. కామెంట్స్ గడిలో హోస్టింగ్ రెన్యువల్ నెల, ఎవరితో మాట్లాడాలి లాంటివి రాసుకోవచ్చు, పాస్‌వర్డ్ మాత్రం అక్కడ రాయొద్దు.

మొదటిసారి కనెక్ట్ అయినప్పుడు వచ్చే బాక్స్

ఎఫ్‌టీపీఎస్ అయితే అన్‌నోన్ సర్టిఫికెట్ అని, ఎస్‌ఎఫ్‌టీపీ అయితే అన్‌నోన్ హోస్ట్ కీ అని ఒక బాక్స్ రావచ్చు. ఓకే కొట్టేయడం అందరికీ అలవాటు. ఒక్క నిమిషం చదవండి. షేర్డ్ హోస్టింగ్‌లో ఎక్కువగా వచ్చేది ఏటంటే, మీరు హోస్ట్ గడిలో కస్టమర్ డొమైన్ పేరు రాస్తారు, సర్టిఫికెట్ మాత్రం హోస్టింగ్ కంపెనీ సర్వర్ పేరు మీద ఉంటుంది, రెండూ కలవక అరుస్తుంది. ఎప్పటికీ నమ్ము అని టిక్ పెట్టడం కన్నా, హోస్టింగ్ ప్యానెల్‌లో ఇచ్చిన అసలు సర్వర్ పేరునే హోస్ట్ గడిలో రాస్తే ఆ గొడవే ఉండదు. ఎస్‌ఎఫ్‌టీపీలో చూపించే వేలిముద్ర లాంటి పొడుగు అక్షరాల వరుసని సర్వర్ పెట్టినవాళ్ల దగ్గర సరిచూసుకుని అప్పుడు ఆల్వేస్ ట్రస్ట్ పెట్టండి. కొన్నాళ్ల తరవాత ఆ కీ మారిందని హెచ్చరిక వస్తే సర్వర్ కొత్తగా ఇన్‌స్టాల్ చేశారా అని ముందు కనుక్కోండి, చేయలేదంటే కనెక్ట్ అవ్వకండి.

అడ్వాన్స్‌డ్ ట్యాబ్

సర్వర్ టైప్ డిఫాల్ట్‌లోనే ఉంచండి, దాని జోలికి పోయే అవసరం నూటికి తొంభై మందికి రాదు.

డిఫాల్ట్ లోకల్ డైరెక్టరీ, డిఫాల్ట్ రిమోట్ డైరెక్టరీ మాత్రం తప్పకుండా నింపండి. లోకల్ అంటే మీ కంప్యూటర్‌లో ఆ కస్టమర్ ఫోల్డర్, రిమోట్ అంటే సర్వర్‌లో సైట్ ఉండే ఫోల్డర్. సీప్యానెల్ హోస్టింగ్‌లో అది పబ్లిక్ అండర్‌స్కోర్ హెచ్‌టీఎంఎల్, ఉబుంటులో అపాచీ పెట్టుకున్న సర్వర్ అయితే మామూలుగా వార్ లోపల డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ లోపల హెచ్‌టీఎంఎల్. లోకల్ దగ్గర బ్రౌజ్ బటన్ ఉంటుంది గానీ రిమోట్ దగ్గర చేత్తోనే టైప్ చేయాలి, స్లాష్‌తో మొదలెట్టండి. ఇది నింపకపోతే ఒక కస్టమర్ ఫోల్డర్ తెరిచి ఉండగా ఇంకో కస్టమర్ సర్వర్‌కి కనెక్ట్ అయ్యి చీరల ఫోటోలు తీసుకెళ్లి కోచింగ్ సెంటర్ సైట్‌లో పడేసే ప్రమాదం ఉంది.

ఈ రెండూ నింపాకే యూజ్ సింక్రనైజ్డ్ బ్రౌజింగ్ టిక్ పనికొస్తుంది. అది పెడితే ఎడమ పక్క ఒక ఫోల్డర్‌లోకి వెళ్తే కుడి పక్క కూడా అదే పేరున్న ఫోల్డర్‌లోకి వెళ్తుంది. రెండు పక్కలా ఫోల్డర్ల అమరిక ఒకేలా ఉండాలి, లేకపోతే ఆ ఫోల్డర్ అవతల లేదని మెసేజ్ పెడుతుంది. పక్కనే డైరెక్టరీ కంపారిజన్ టిక్ ఉంది, అది పెడితే ఒక పక్కే ఉన్న ఫైల్స్ పసుపులో, కొత్తది ఆకుపచ్చలో, సైజు తేడా ఉన్నవి ఎరుపులో చూపిస్తుంది. చీరల కొట్టుకి పండగ సీజన్‌లో కొత్త ఫోటోలు ఎక్కించినప్పుడు ఏది ఎక్కింది ఏది మిగిలింది అని లెక్కపెట్టుకునే బదులు ఇది చూస్తే సరి.

కానీ టైమ్‌ని బట్టి పోల్చేటప్పుడు ఒక చిక్కు వస్తుంది. సర్వర్ అమెరికాలోనో సింగపూర్‌లోనో ఉంటుంది, దాని గడియారం వేరు. సర్వర్ కొత్త తరహా లిస్టింగ్ ఇస్తే టైమ్ ప్రపంచ కాలమానంలోనే వస్తుంది, ఫైల్‌జిల్లా దాన్ని మన టైమ్‌కి మార్చుకుంటుంది, మనం చేయాల్సింది ఏమీ లేదు. పాత సర్వర్లు ఉత్త టైమ్ ఇస్తాయి, ఏ దేశం టైమో చెప్పవు. అప్పుడు పొద్దున్న 10 గంటలకి ఎక్కించిన ఫైల్ కుడి పక్క కొన్ని గంటలు ముందో వెనకో ఎక్కినట్టు కనిపిస్తుంది. దాన్ని సరిచేయడానికే అదే ట్యాబ్‌లో అడ్జస్ట్ సర్వర్ టైమ్ అని గంటలు, నిమిషాలు రెండు గడులు ఉన్నాయి. చిన్న టెక్స్ట్ ఫైల్ ఒకటి ఎక్కించండి, ఎఫ్5 కొట్టి రిఫ్రెష్ చేయండి, తేడా ఎంతుందో చూసి అంతే వేయండి. మనది అయిదున్నర గంటల లెక్క కాబట్టి సర్వర్‌ని బట్టి నిమిషాల గడిలో 30 కూడా పడొచ్చు, ప్లస్సా మైనస్సా అన్నది మళ్లీ కనెక్ట్ అయి చూస్తే తెలిసిపోద్ది. ఈ టెస్ట్ చేసేటప్పుడు ట్రాన్స్‌ఫర్ మెనూలో ప్రిజర్వ్ టైమ్‌స్టాంప్స్ టిక్ తీసేసి ఉంచండి, లేకపోతే ఫైల్ పాత టైమ్‌తోనే వెళ్లి లెక్క తప్పుతుంది.

ట్రాన్స్‌ఫర్ సెట్టింగ్స్ ట్యాబ్, అసలు తలనొప్పులన్నీ ఇక్కడే

ఎఫ్‌టీపీలో ఒక కనెక్షన్ కాదు, రెండు ఉంటాయి. పోర్ట్ 21 మీద మాటలు నడుస్తాయి, ఫైల్ గానీ ఫోల్డర్ లిస్ట్ గానీ రావాలంటే పక్కన ఇంకో కనెక్షన్ తెరుచుకోవాలి. ఆ రెండో కనెక్షన్ ఎవరు మొదలెట్టాలి అన్నదే యాక్టివ్, పాసివ్ గొడవంతా. యాక్టివ్‌లో సర్వరే మీ కంప్యూటర్‌కి తిరిగి కనెక్ట్ అవ్వడానికి వస్తుంది. పాసివ్‌లో సర్వర్ "ఫలానా పోర్ట్ తెరిచి పెట్టా, నువ్వే రా" అంటుంది.

మన దగ్గర ఎక్కువమంది పని చేసేది ఫోన్ హాట్‌స్పాట్ మీదో, ఇంటి రౌటర్ మీదో. మొబైల్ నెట్‌వర్క్‌లో వేలమందికి కలిపి ఒకే బయటి అడ్రస్ ఉంటుంది, బయట నుంచి సర్వర్ మీ కంప్యూటర్‌ని వెతుక్కుంటూ వస్తే దారే ఉండదు. అందుకని హాట్‌స్పాట్ మీద యాక్టివ్ పెట్టొద్దు, కనెక్ట్ అయినట్టే కనిపిస్తుంది, పాస్‌వర్డ్ కూడా ఒప్పుకుంటుంది, ఫోల్డర్ లిస్ట్ దగ్గర ఆగిపోతుంది. 20 సెకన్లు చూసి టైమ్‌డ్ ఔట్ అంటుంది, కింద ఫెయిల్డ్ టు రిట్రీవ్ డైరెక్టరీ లిస్టింగ్. లాగిన్ అయ్యి లిస్ట్ దగ్గర ఆగిందీ అంటే తప్పు పాస్‌వర్డ్‌ది కాదు, రెండో కనెక్షన్‌ది, ఇది పట్టుకుంటే సగం పని అయిపోయినట్టే.

పాసివ్ పెట్టినా ఆగిందనుకోండి, పైన మెసేజ్ లాగ్ చదవండి. 227 అని మొదలయ్యే లైన్ ఒకటి ఉంటుంది, ఎంటరింగ్ పాసివ్ మోడ్ అని, దాని చివర కామాలతో ఆరు అంకెలు. మొదటి నాలుగూ సర్వర్ అడ్రస్, చివరి రెండూ కలిపి పోర్ట్. ఉదాహరణకి 10,0,0,5,195,149 అని వచ్చిందనుకుందాం. అడ్రస్ 10.0.0.5, పోర్ట్ కావాలంటే 195ని 256తో గుణించి 149 కలపాలి, 50069. ఇందులో రెండు సంగతులు తెలుస్తాయి. 10తో మొదలయ్యే అడ్రస్ లోపలి నెట్‌వర్క్‌ది, బయట నుంచి దానికి వెళ్లలేం, అంటే సర్వర్ తన బయటి అడ్రస్ చెప్పకుండా లోపలిది చెప్తోంది, క్లౌడ్‌లో సొంతంగా పెట్టుకున్న సర్వర్లలో ఇది మామూలే. ఫైల్‌జిల్లా తెలివిగా అది గమనించి "ఈ అడ్రస్ పనికిరాదు, సర్వర్ అడ్రస్సే వాడుతున్నా" అని లాగ్‌లో రాసి ముందుకెళ్తుంది, వేరే ఎఫ్‌టీపీ సాఫ్ట్‌వేర్లు వెళ్లకపోవచ్చు. రెండోది, ఆ 50069 పోర్ట్ సర్వర్ ఫైర్‌వాల్‌లో (బయట నుంచి వచ్చే కనెక్షన్లని ఆపే కాపలా) తెరిచి లేకపోతే అక్కడే ఆగుతుంది. అది మీ వైపు ఎన్ని సెట్టింగులు మార్చినా పోదు, సర్వర్ చూసేవాళ్లకి "పాసివ్ పోర్టుల రేంజ్ ఫైర్‌వాల్‌లో తెరవండి" అని ఆ లాగ్ లైన్‌తో సహా పంపండి. ఉత్తినే "రావట్లేదు" అంటే వాళ్లు కూడా "మాకు వస్తోంది" అంటారు, అక్కడితో ఆగిపోద్ది.

కాబట్టి ఈ ట్యాబ్‌లో ట్రాన్స్‌ఫర్ మోడ్: మామూలు సైట్లన్నిటికీ డిఫాల్ట్ లేదా పాసివ్. యాక్టివ్ ఒక్కటే పని చేసే ముసలి సర్వర్ ఎక్కడైనా తగిలితే ఆ సైట్ ఒక్కదానికే ఇక్కడ యాక్టివ్ పెట్టండి, ఎడిట్ సెట్టింగ్స్‌లో పెట్టొద్దు, అదీ ఆఫీస్ నెట్‌వర్క్‌లో ఫైర్‌వాల్ సరిగ్గా పెట్టుకున్న చోటే పనిచేస్తుంది. ఎస్‌ఎఫ్‌టీపీ వాడే సైట్‌కి ఈ గొడవే లేదు, అంతా పోర్ట్ 22 మీద ఒకే కనెక్షన్‌లో నడిచిపోతుంది. నన్నడిగితే అవకాశం ఉన్న ప్రతి చోటా ఎస్‌ఎఫ్‌టీపీకి మారిపోండి.

అదే ట్యాబ్‌లో కింద లిమిట్ నంబర్ ఆఫ్ సైమల్టేనియస్ కనెక్షన్స్ టిక్. ఫోల్డర్లు చూడ్డానికి ఒక కనెక్షన్, ఎక్కించే ఒక్కో ఫైల్‌కి ఇంకోటి, ఇలా పెరుగుతాయి. ఫైల్‌జిల్లా మామూలుగా ఒకేసారి 2 ఫైల్స్ ఎక్కిస్తుంది, స్పీడ్ కోసం కొంతమంది దాన్ని 10కి పెంచేస్తారు. చవక హోస్టింగ్‌లు ఒక అడ్రస్ నుంచి ఇన్నే కనెక్షన్లు అని పరిమితి పెడతాయి, దాటితే 421 ఎర్రర్, టూ మెనీ కనెక్షన్స్. అలాంటి సైట్‌కి ఇక్కడ టిక్ పెట్టి 2 వేయండి, మరీ మొండిదైతే 1 వేయండి. 1 వేస్తే ఫైల్ ఎక్కుతున్నంతసేపు ఫోల్డర్లు చూడనివ్వదు, అది మామూలే. షాపులో ఇద్దరు ఒకే నెట్ మీద ఒకే సర్వర్‌కి కనెక్ట్ అయితే ఆ పరిమితి ఇద్దరికీ కలిపే అని కూడా గుర్తుంచుకోండి. ఓటీపీ సర్వర్లకి 1 వేయమన్నది ఇక్కడే.

చార్‌సెట్ ట్యాబ్, మన బోర్డర్ వాళ్లకి

వేరే ఊళ్ల వాళ్లు ఈ ట్యాబ్ ఎప్పుడూ తెరవరేమో గానీ మనకి తప్పదు. ఒక కొట్టు యజమాని ఫోటోల పేర్లు ఒడియాలో పెడతాడు, వాళ్లమ్మాయి తెలుగులో పెడుతుంది, బిల్లులు ఇంగ్లీషులో. అన్నీ ఒకే ఫోల్డర్‌లో. ఎక్కించాక ఫోన్ వస్తుంది, "బాబూ, ఏటిది, పట్టుచీర అని పేరు పెడితే అక్కడ పిచ్చి గీతలు కనిపిస్తన్నాయి" అని.

యూటీఎఫ్-8 అనే పద్ధతిలో తెలుగు అక్షరానికైనా ఒడియా అక్షరానికైనా 3 బైట్లు పడతాయి. సర్వర్ యూటీఎఫ్-8 అర్థం చేసుకుంటానని చెప్తే ఫైల్‌జిల్లా ఆటోడిటెక్ట్‌లో అదే వాడుకుంటుంది, సమస్య ఉండదు. పాత సర్వర్ ఆ మాట చెప్పకపోతేనే ఆ 3 బైట్లు విడివిడిగా మూడు యూరప్ అక్షరాల్లా కనిపిస్తాయి. ఒక గమ్మత్తు చెప్తా. ఆ గీతల్లో వాలుగీత ఉన్న చిన్న ఇంగ్లీషు ఎ, పక్కన డిగ్రీ గుర్తు గానీ ప్లస్-మైనస్ గుర్తు గానీ మళ్లీ మళ్లీ వస్తుంటే ఆ పేరు అసలు తెలుగులో ఉందన్నమాట. అదే ఎ పక్కన కొక్కెంలా కిందికి వంగిన అడ్డగీత వస్తుంటే ఒడియా. ఏ ఫైల్ ఎవరు పెట్టారో తెరవకుండానే చెప్పేయొచ్చు.

ఇది కనిపిస్తే ఆ సైట్‌కి చార్‌సెట్ ట్యాబ్‌లో ఫోర్స్ యూటీఎఫ్-8 పెట్టి, డిస్కనెక్ట్ అయ్యి మళ్లీ కనెక్ట్ అవ్వండి. పేర్లు సరిగ్గా కనబడితే అయిపోయింది. యూజ్ కస్టమ్ చార్‌సెట్ అనేది ఇంకా పాత సర్వర్లలో ఇదివరకే వేరే ఎన్‌కోడింగ్‌తో పేర్లు పడి ఉంటే, వాటిని చూడ్డానికో డిలీట్ చేయడానికో తాత్కాలికంగా వాడేది.

ఒక సంగతి మాత్రం కలిపేయకండి, ఈ ట్యాబ్ ఫైల్ పేర్లకే, లోపల రాసినదానికి కాదు. డీటీపీ సెంటర్ వాళ్లు అను ఫాంట్‌లోనో ఆకృతి ఒడియా ఫాంట్‌లోనో టైప్ చేసిచ్చిన మేటర్‌ని నేరుగా వెబ్‌పేజీలో పేస్ట్ చేస్తే వచ్చే పిచ్చి అక్షరాలు వేరే రోగం, అది యూనికోడ్‌లోకి మారిస్తేనే పోతుంది, ఇక్కడ ఎన్ని నొక్కినా పోదు.

అసలు వెబ్‌సైట్‌లోకి వెళ్లే ఫైల్స్‌కి చిన్న ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, మధ్యలో హైఫన్‌తో పేరు పెట్టడం అన్నిటికన్నా మంచిది, ఖాళీలు కూడా వద్దు. లింక్‌లో ఒక్కో తెలుగు అక్షరం పర్సెంట్ గుర్తులతో కలిపి 9 అక్షరాలు అయిపోతుంది, వాట్సాప్‌లో పంపితే గజం పొడుగు వస్తుంది. లినక్స్ సర్వర్లలో ఫైల్ పేరు మామూలుగా 255 బైట్లు దాటకూడదు, అంటే తెలుగులో 85 దాకా, అందులో గుణింతం గుర్తులు, పొల్లు గుర్తులు కూడా విడిగా లెక్కకొస్తాయి. పెళ్లికొడుకు పేరు, పెళ్లికూతురి పేరు, ఊరు, తేదీ, కల్యాణమండపం అన్నీ ఫైల్ పేరులోనే రాసే స్టూడియో వాళ్లకి ఇది నిజంగానే తగులుతుంది.

సైట్‌కి విడిగా కుదరనివి

కొన్ని ఎంత వెతికినా సైట్ మేనేజర్‌లో దొరకవు, అవి ఎడిట్ సెట్టింగ్స్‌లోనే. టైమ్‌ఔట్ 20 సెకన్లు ఉంటుంది, సిగ్నల్ సరిగ్గా లేని చోట 60కి పెంచండి, దానివల్ల వేరే సైట్లకి నష్టమేమీ లేదు. తెగిపోతే ఎన్నిసార్లు మళ్లీ ప్రయత్నించాలి, మధ్యలో ఎన్ని సెకన్లు ఆగాలి అన్నదీ అక్కడే. ఎఫ్‌టీపీ కీప్-అలైవ్ టిక్, స్పీడ్ లిమిట్ కూడా అంతే, ఇవన్నీ అందరికీ ఒకేలా. కరెంటు పోయి మధ్యలో ఆగిన ఫైల్స్ కింద క్యూలో ఉండిపోతే మళ్లీ కనెక్ట్ అయ్యాక ప్రాసెస్ క్యూ నొక్కండి, ఇదివరకే ఫైల్ ఉందని అడిగితే రెజ్యూమ్ ఎంచుకోండి, పెద్ద వీడియో మొదటి నుంచి ఎక్కించక్కర్లేదు.

పాస్‌వర్డ్‌లు, బ్యాకప్

సెట్టింగ్స్‌లో ఇంటర్‌ఫేస్ కింద పాస్‌వర్డ్స్ అని ఉంటుంది. మాస్టర్ పాస్‌వర్డ్ (మిగతా పాస్‌వర్డ్‌లన్నిటికీ తాళం వేసేది) పెట్టకపోతే సైట్ల పాస్‌వర్డ్‌లన్నీ సైట్‌మేనేజర్ డాట్ ఎక్స్‌ఎంఎల్ అనే ఫైల్‌లో బేస్64లో పడి ఉంటాయి. అది తాళం కాదు, అక్షరాలు మార్చి రాయడం మాత్రమే, ఆ ఫైల్ చేతికొస్తే ఎవడైనా క్షణంలో చదివేస్తాడు. విండోస్‌లో యాప్‌డేటా రోమింగ్‌లో ఫైల్‌జిల్లా ఫోల్డర్‌లో, లినక్స్‌లో హోమ్‌లో దాచి ఉండే కాన్ఫిగ్ ఫోల్డర్ లోపల ఉంటుంది. పదిమంది కస్టమర్ల తాళాలు మీ దగ్గరున్నాయంటే మాస్టర్ పాస్‌వర్డ్ తప్పనిసరి. అది మర్చిపోతే మాత్రం సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లు తిరిగి రావు, మళ్లీ అందరినీ అడుక్కోవాలి, కాబట్టి ఎక్కడైనా కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి.

2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు మా గజపతి జిల్లా ఏమైందో ఈ వైపు వాళ్లకి చెప్పక్కర్లేదు, కంప్యూటర్ తడిసిపోతే అందులోని సైట్ లిస్ట్ కూడా దానితోనే పోద్ది. ఫైల్ మెనూలో ఎక్స్‌పోర్ట్ నొక్కి సైట్ మేనేజర్ ఎంట్రీస్ టిక్ పెడితే ఒక ఎక్స్‌ఎంఎల్ ఫైల్ వస్తుంది, కొత్త సైట్ పెట్టినప్పుడల్లా అది తీసి ఇంకో చోట దాచండి. కొత్త కంప్యూటర్‌లో ఫైల్ మెనూ ఇంపోర్ట్‌తో ఫోల్డర్లు, రంగులు, చార్‌సెట్, కనెక్షన్ పరిమితులతో సహా మొత్తం వచ్చేస్తుంది. కీ ఫైల్స్ మాత్రం రావు, వాటి దారి మాత్రమే వస్తుంది, కాబట్టి వాటిని విడిగా కాపీ చేసి కొత్త చోట మళ్లీ చూపించాలి. ఎవరికైనా ఒక్క సైట్ వివరాలే ఇవ్వాలంటే ఈ ఎక్స్‌పోర్ట్ ఫైల్ పంపకండి, అందులో అందరివీ ఉంటాయి, హోస్టింగ్ ప్యానెల్‌లో వాళ్ల పేరు మీద వేరే ఎఫ్‌టీపీ యూజర్ పెట్టి ఆ ఫోల్డర్ వరకే అనుమతి ఇచ్చి అది పంపండి, వాళ్ల పని అయ్యాక ఆ యూజర్‌ని తీసేస్తే సరిపోద్ది.